ఎనక కోసిన అంగీ

మొన్న భాల్కి బస్టాండు పక్కన ఒకాయన బొగ్గుల ఇస్త్రీ పెట్టె తోటి తడిపిన పట్టుచీర మీద రుద్దుతుంటే, ఆ ఆవిరి వాసన ముక్కుకు తగిలి, ఎక్కాల్సిన బస్సు కండ్ల ముంగటనే పోయినా నాకు కదలబుద్ధి కాలె. ఆ వాసనల మా సుగుణత్త ఉంటది. మా నాయిన అక్క. పెండ్లయిన కొద్దికాలానికే మొగుడు పోతే బీదర్‌ల మా ఇంటికి తిరిగొచ్చి, వసారాల జరీపని మగ్గం బిగించుకొని, కతోలిక్ ఫాదర్లు పూజల వేసుకునే పట్టుబట్టలు కుట్టి, ఇట్లనే తడిపి ఇస్త్రీ చేసి ఇచ్చి బతికింది.

మేమేమో ప్రొటెస్టెంటోళ్లం. మా గుళ్లె పాస్టరయ్యకు పండుగొచ్చినా పబ్బమొచ్చినా ఒకటే తెల్లంగీ. అత్త మగ్గం మీదనేమో ఏడాది పొడుగూత రంగులు మారేటివి. వానలు పడి కోట గోడల సందులల్ల గడ్డి మొలిచేటప్పుడు పచ్చ, చలిగాలికి పెదాలు పగిలే దినాలల్ల క్రిస్మస్‌కు ముందు ఊదా, ఎండలు ముదిరి ఎర్రదుమ్ము కండ్లల్ల పడే తపస్సు కాలంల, ఈస్టర్ ముందటి ఉపాసాలకు, మళ్ల ఊదా, గుడ్ ఫ్రైడేకు నెత్తురసొంటి ఎరుపు, ఈస్టర్‌కు తెల్లపట్టు మీద బంగారు జరీ. అమ్మ వంటింట్ల గరిజెలు కాలుస్తుంటే ఒకటి గుంజుకొని ఆ నూనె చేతులతోటే నేను మగ్గం దిక్కు ఉరికేదాన్ని, అత్త కత్తెర ఆడించుకుంట "దగ్గరికొచ్చినవో, ఏళ్లు కోస్త చూడు!" అని బెదిరించేది, మళ్ల జర సేపటికి తనే పిలిచి మిగిలిన జరీ పోగులు నా జడల అల్లేది. దారం అయిపోయిన రీళ్లన్నీ నావే. వాటితోటి మగ్గం కింద దూరి బండి కట్టేదాన్ని, ఇల్లు కట్టేదాన్ని, పైన సూది బట్టల దూరే టక్ టక్ చప్పుడు ఇనుకుంట అక్కడనే పండుకునేదాన్ని.

ఫాదర్ల పై అంగీకి చేతులుండయి, గుండీలుండయి. తలకాయ పట్టేంత కంత, నడుమ నిలువుగ సిలువ, అంతే. రెండు చేతులు పైకెత్తి నెత్తి మీదికెళ్లి దిగేసుకోవాలె. మా సంఘంల ఎవరన్న పోతే వాళ్ల ఆఖరి బట్ట కూడ అత్తనే కుట్టేది, కానీ ఆ కుట్టుడు వేరు. సచ్చినోళ్ల చేతులు బిగుసుకపోతయి, పైకి లేవయి. అందుకని అంగీని వీపు పొడుగూత కోసి, ముంగటికెళ్లి తొడిగి, ఎనక తాళ్లు కడతరు. ఆ పని ఉన్న దినం అత్త మగ్గం మీద దుప్పటి కప్పేది, పూజబట్టల సూదిని ఈ బట్టకు తాకనిచ్చేది కాదు, మాతోటి మాట్లాడేది కాదు. నాకైతే ఆ దినం వసారా తొక్కాలంటేనే భయమయ్యేది.

అత్తకు ఈ పని నేర్పించి చేతిల పెట్టింది పెద్ద ఫాదర్. మంగళూరు దిక్కు మనిషి, మా ఊర్లెనే ఉండి ఉండి జుట్టంత తెల్లబడ్డది. మా అత్త ఆయనను దేవునెనక దేవుడే అనేటిది. ఒక క్రిస్మస్ పోయినంక ఆయన వచ్చి చాయ్ తాగుకుంట చెప్పిండు.

"సుగుణమ్మా, ఈస్టర్‌కు నాకొక తెల్లది కావాలి. భుజాలు పట్టేసినయి, చేతులు లేస్తలేవు. వెనక కోసి తాళ్లు పెట్టు."

అత్త మొకం పాలిపోయింది. "అట్ల వద్దు ఫాదర్. మావోళ్లల్ల అది బతికున్నోళ్లకు కుట్టం."

"నేను మీ వాణ్ని కాదు కదమ్మా," అని ఆయన నవ్విండు.

నాకు అయ్యన్నీ ఎక్కడ పట్టేటివి? నా బంతి పోయి అటక మీద చిక్కుకున్నది, "ఫాదర్, ఫాదర్, నా బంతి!" అని ఎగిరిన. ఆయన లేచి, రెండు చేతులు సాఫ్‌గ పైకెత్తి, బంతి తీసి నా చేతిల పెట్టిండు. అత్త చూసింది. ఆమె చూసినట్టు ఆయన కూడ చూసిండు. ఆయన పోయినంక అత్త గోడకు ఒరిగి, "భుజాలు కాదు, ఏం కాదు. లోపల ఏందో రోగమున్నది, ఎవ్వరికీ చెప్తలేడు. పోయేటప్పటి బట్ట నా తోటే కుట్టిపిచ్చుకుంటుండు," అని కొంగు నోట్ల కుక్కుకున్నది.

కుట్టుడైతే మొదలువెట్టింది, ఆయన మాట తీసేస్తదా? సిలువ నింపింది, వీపు కోసింది, తాళ్లు పెట్టింది. అంచు మాత్రం కుట్టదు. అంచు ఇడిసిపెట్టినన్ని దినాలు ఆయనకేం కాదని ఆమె మొండితనం. ఈస్టర్ పోయింది. ఆయన వచ్చేటోడు, వచ్చినప్పుడల్లా మెడకాడ ఆయన ఒంటి మీది అంగీ ఇంకింత ఒదులైతుండె. జరీ రాలేదని ఒకసారి, కండ్లు మసకలని ఒకసారి అత్త ఏదో ఒకటి చెప్పేది. ఆయన దుప్పటి కప్పిన మగ్గం దిక్కు చూసి, చాయ్ తాగి పోయేటోడు. నేను మగ్గం కింద ఆడుకునుడు బందు చేసిన.

నాయిన ఊకుంటడా? "నీ కోడి కూయకుంటే ఊరికి తెల్లారదా అక్కా?" అన్నడు ఒకనాడు. అత్త అన్నం పళ్లెం నూకేసి లేచిపోయింది.

ఆ వానాకాలమే పెద్ద ఫాదర్ పోయిండు. ముసురుల తడుసుకుంట మేమందరం కతోలిక్ గుడికి పోయినం. బీరువాల దొరికిన ఇంకెవరిదో అంగీ ఒకటి ఆయనకు తొడిగిన్రు, పొట్టి మనిషిదేమో, మోకాళ్ల కాడనే ఆగింది. ఎవరో గబగబ వీపు కోసినట్టున్నరు, కోత భుజం కాడ వంకర పోయి దారాలు ఏలాడుతున్నయి. అత్త ఆ వంకర కోత దిక్కే చూసుకుంట నిలబడ్డది. "నా చేతులు పడిపోను! ఆయన నన్ను అడిగిందే ఒక్కటి. అది కూడ ఇయ్యకపోతి," అన్నది. సావును ఆపుతున్న అనుకున్నది పాపం, ఆగింది అంగీ ఒక్కటే. అంచు లేని ఆ అంగీని సందుగల పెట్టింది, అటెన్క ఆమె మగ్గం ముట్టలె.

ఇప్పుడు అత్త లేదు. ఆ వసారా పడగొట్టి గదులు కట్టిన్రు. పూజ బట్టలు ఎక్కడికెళ్లో పార్శిల్‌ల వస్తయి, మిషన్ కుట్టిన సిలువలు, అన్నీ ఒక్కతీరువే. ఈ మధ్య కొత్తగ వచ్చిన చిన్న ఫాదర్, చింతకి ఊరి దిక్కు పిల్లగాడు, మా అత్త పనితనం ఎవరి దగ్గరనో ఇని, చూపించు అక్కా అని ఇంటికొచ్చిండు. సందుగ తీసిన. నేను వద్దనే లోపల్నే ఆ తెల్లంగీని ముంగటికెళ్లి తొడుక్కొని, వీపు నా దిక్కు తిప్పి, "తాళ్లు కట్టు అక్కా," అన్నడు. అతికినట్టు సరిపోయింది.

"తియ్యి ఫాదర్! ముందు తియ్యి!" అని అరిచిన. ఏమైందని బీరిపోయిండు. కూసోబెట్టి జరిగిందంత చెప్పిన. చెప్తుంటే నాకే ఏడుపొచ్చింది. పిల్లగాడు తల వంచుకొని ఇన్నడు, అంగీని మడతలు పెట్టి మెల్లగ నా ఒడిల పెట్టిండు.

"అంచు కుట్టి ఉంచు అక్కా, నేను పోయిననాడు తొడగనీకి," అన్నడు. "నాకేం తొందర లేదు."

అంత చల్లగ అన్నందుకు వాని చెంప పగలగొట్టబుద్ధయింది.