మూలప్రతిలోనే తప్పు

ఆఫీసులో అందరూ ఆమెను ప్రూఫక్క అంటారు. పదకొండేళ్లు ఒక ప్రెస్సులో ప్రూఫులు దిద్దింది. ప్రెస్సు మూతపడ్డాక, "అచ్చుతప్పులు పట్టే కళ్లు అక్కడా పనికొస్తాయి వదినా" అంటూ మరిది ఈ సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేర్పించాడు. అప్పటికే ఆమెకు నలభై దాటాయి. పక్క కుర్చీల్లో అంతా పాతికేళ్లవాళ్లు.

పని వినడానికి తేలికే. కంపెనీ ఒక కంటి ఆసుపత్రికి యాప్ చేసి పెట్టింది. డాక్టరును కలవాలంటే ఏ రోజు, ఏ వేళకో అందులోనే ఎంచుకోవాలి. ప్రోగ్రామర్లు యాప్‌లో ఏ చిన్న మార్పు చేసినా, టెస్టులు నడిపే కంప్యూటరు దానంతటదే మూడువందల నలభై తెరలూ తెరిచి స్క్రీన్‌షాట్లు తీస్తుంది. బాగున్నాయని ఒకప్పుడు ఒప్పుకుని దాచిన బొమ్మల పక్కన పెట్టి చుక్కకు చుక్క పోలుస్తుంది. తేడా లేకపోతే పచ్చ, ఉంటే ఎరుపు. ఆ ఎర్రవాటిని పొద్దున్నే చూసి, నిజంగా తప్పో కాదో తేల్చాల్సింది ఆమె. దాచిన పాత బొమ్మలను తక్కినవాళ్లు బేస్‌లైన్ అంటారు. ఆమె మాత్రం ప్రెస్సు అలవాటు కొద్దీ మూలప్రతి అనేది.

చేయబోతే తల ప్రాణం తోకకొచ్చేది. రోజుకు డెబ్భై, ఎనభై ఎరుపులు. ఒక తెరలో, రాసే చోట మినుక్కుమనే గీత పాత బొమ్మలో వెలిగి ఉంది, కొత్తదాంట్లో ఆరి ఉంది. ఎరుపు. ఇంకో తెరలో ఇవాళ్టి తేదీ వచ్చి కూర్చుంది. ఎరుపు. ఒకసారి కంప్యూటరు మార్చారు, అక్షరాల అంచులు వెంట్రుకవాసి లావెక్కాయి. ఆ రోజు మొత్తం మూడువందల నలభైకీ ఎరుపే. రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టుకుని, కళ్లు చికిలించి వెతికి వెతికి, "ఏముంది నా మొహం" అని గొణుక్కుంటూ 'సరే' నొక్కేది. కొండను తవ్వి ఎలుకను పట్టడమైనా నయం, ఇక్కడ ఆ ఎలుక కూడా ఉండదు.

"సార్, తేదీ ఉన్నచోట కప్పేసి పోల్చేలా పెట్టొచ్చు కదా? ఆర్నెల్ల నుంచి అడుగుతున్నా" అని టీమ్ లీడర్ని నిలదీస్తే, "చేద్దాం మేడమ్, ఈ నెల గడవనివ్వండి" అనేవాడు. నెలలు గడిచాయి.

ఇంట్లో మేనత్త ఉంది. టెలిఫోన్ ఆపరేటర్‌గా చేసి రిటైరైన మనిషి. కంట్లో పొర వచ్చింది కానీ నోటి పదును తగ్గలేదు. ఒక శనివారం ఆసుపత్రి నుంచి మూడోసారి ఉత్తి చేతులతో తిరిగొచ్చింది.

"మళ్లీ నా పేరు లేదన్నారే!"

"సరిగ్గా నొక్కి ఉండవు అత్తా."

"ముప్ఫై ఏళ్లు బోర్డు ముందు కూర్చున్నదాన్ని. నాకు నొక్కడం నేర్పుతావా?"

"ఆ యాప్‌ని రోజూ చూసేది నేనే. సాయంత్రానికి అన్నీ పచ్చగానే ఉంటాయి. తప్పుంటే నాకు తెలీదా?"

"ముసలాళ్లకి మతిమరుపని కౌంటర్‌లో పిల్ల అంది. ఇప్పుడు నువ్వూ అన్నావు" అని అత్త కుర్చీ కిటికీ వైపు తిప్పుకుంది. రాత్రి అన్నానికి పిలిచినా రాలేదు.

మర్నాడు ఉండబట్టలేక, "సరే, నా ముందు చెయ్యి చూద్దాం" అంటూ ఆమె అత్త పక్కన కూర్చుంది. అత్త ఫోనులో అక్షరాలు ఎంత పెద్దవి పెట్టొచ్చో అంత పెద్దవి. డాక్టరు, రోజు, వేళ, అన్నీ సరిగ్గానే ఎంచుకుంది. ఆఖరి తెర వచ్చింది. పెద్దక్షరాలకు చోటు చాలక 'ఖరారు చేయండి' అనే బటన్ అడుగుకు జారిపోయింది. తెర అంచున దాని నీలిగీత ఒక్కటే కనబడుతోంది. పైకి తోస్తే తెర కదలదు. మిగిలింది ఇంకో బటన్. అత్త ధీమాగా దానిమీద వేలు పెట్టింది.

"అత్తా! అది 'రద్దు' కదా!"

తెల్లటి తెర మీద లేత బూడిదరంగు అక్షరాలు. అత్త ఫోను ముక్కుకు ఆనించుకుని చూసింది. "ఉన్నది అదొక్కటే బటన్. అంత బాగా కనబడితే కంటాసుపత్రికి ఎందుకు పోతానే?"

సోమవారం ఆఫీసుకు వెళ్తూనే, పెద్దక్షరాలు పెట్టి తీసే ఆ తెర టెస్టు తీసింది. పచ్చ. రెండు బొమ్మల్లోనూ బటన్ ఒకేలా అడుగున చిక్కుకుని ఉంది. మూలప్రతిని ఒప్పుకున్నదెవరో చూస్తే తన పేరే. చేరిన రెండో వారం అది. "సాయంత్రానికి అన్నీ ఒప్పేసుకోండి మేడమ్, రేపట్నుంచి కంప్యూటరే చూసుకుంటుంది" అని లీడర్ తొందరపెడితే, ఒక్క మధ్యాహ్నంలో మూడువందల నలభై బొమ్మలకు 'సరే' కొట్టింది.

అంతటితో అయిపోలేదు. ఏడు నెలల కిందట ఆ తెర ఒకసారి ఎర్రగా వచ్చింది. ఎవరూ చెప్పకుండానే ఒక ప్రోగ్రామరు బటన్‌ని పైకి జరిపాడు. కింద ఆమె రాసిన మాటలు: "మూలప్రతితో సరిపోవడం లేదు. మార్పు వెనక్కి తీసుకోగలరు."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. కాసేపు కంప్యూటరు మీద, కాసేపు లీడర్ మీద, ఆ తర్వాత తిట్టడానికి తను తప్ప ఎవరూ మిగల్లేదు. ప్రెస్సులో రచయిత రాసిందే తప్పనిపిస్తే, అంచున ప్రశ్నార్థకం పెట్టి తిప్పి పంపేది. ఇక్కడ మూలప్రతిని చదవనే లేదు.

లేచి ఆ ప్రోగ్రామరు దగ్గరికి వెళ్లింది. "తమ్ముడూ, ఈ బటన్ నువ్వే ఒకసారి పైకి జరిపావు, గుర్తుందా?"

"ఉందక్కా. వెనక్కి తీసుకోమన్నది మీరే."

"ఎందుకని ఒక్క మాట అడగొచ్చు కదా నన్ను?"

"ఆ రోజు మీరు ముప్ఫై ఒకటి తిప్పి పంపారు. అడిగే ఓపిక లేకపోయిందక్కా."

అతను పది నిమిషాల్లో బటన్ పైకి తెచ్చాడు.

అక్కణ్ణుంచి నేరుగా లీడర్ దగ్గరికే. "మిగతా బొమ్మలన్నీ మనిషి కళ్లతో మళ్లీ చూడాలి సార్. నాలుగు రోజులివ్వండి."

"సాయంత్రానికి అన్నీ పచ్చగానే ఉంటున్నాయి కదా మేడమ్."

"ఇదీ పచ్చగానే ఉంది సార్!" ఆమె గొంతు లేచేసరికి గదంతా తలలు తిప్పింది. "కంటి ఆసుపత్రికొచ్చే వాళ్లలో పెద్దక్షరాలు పెట్టుకోనిదెవరు? ఎంతమంది రద్దు నొక్కి ఇంటికి పోయారో మనకేమైనా తెలుసా?"

"ఆసుపత్రివాళ్లు అడగలేదు కదా. మనంతట మనం కెలుక్కోవడం ఎందుకు?"

ఆమె మర్నాటి నుంచి మధ్యాహ్నం అన్నం డబ్బా ఒక చేత్తో పట్టుకుని, రోజుకు ఇరవై బొమ్మల చొప్పున చూసుకుంటూ పోయింది. మూడున్నర వారాలు పట్టింది. ఇంకో ఐదు తప్పులు దొరికాయి. ఒకచోట డాక్టరు పేరు సగమే ఉంది. ఇంకోచోట అత్యవసర నంబరు మీదికి బొమ్మ వచ్చి కూర్చుంది. తేదీని కప్పే పని ప్రోగ్రామరు ఎవరికీ చెప్పకుండా తనే చేసేశాడు, పొద్దుటి ఎరుపులు నలభైకి దిగాయి. ఈసారి అత్త పేరు ఆసుపత్రి జాబితాలోకి ఎక్కింది. కంటికి ఆపరేషన్ కూడా అయింది. మూడు గంటలు కూర్చోబెట్టారని ఇంటికొచ్చి ఒకటే సణుగుడు.

ఐదు తప్పుల్లో రెండు దిద్దారు. మిగతా మూడూ వచ్చే ఏడాది చూద్దామన్నాడు లీడర్. ఆమె ఆ మూడు తెరల మూలప్రతులూ తీసేసింది. పోల్చడానికి బొమ్మ లేక ఇప్పుడవి రోజూ ఎర్రగానే వస్తున్నాయి.

"ఆ మూడు ఎరుపులేంటని పైవాళ్లు అడుగుతున్నారు మేడమ్" అన్నాడు లీడర్.

"అడగనివ్వండి సార్" అంది, తెర మీంచి తల ఎత్తకుండానే.