మెట్లు దిగిన బేరం

కంటి శుక్లం తీయించుకొని నెల దాటినా మళ్లీ ఒకసారి చూపించుకొమ్మన్నారని, మొన్న మా కామారెడ్డిలోని కంటి ఆసుపత్రికి పోయి, చుక్కలు వేయించుకొని, నల్లద్దాలు చేతిలో పట్టుకొని, లోపలికి పిలిచేదాకా బెంచీ మీద కూర్చున్నాను. ఇలాంటి చోట్ల గోడకొక టీవీ ఉంటుంది, మధ్యాహ్నం పూట దాంట్లో పాత సీరియళ్లు మళ్లీ వేస్తారు, వాటిని చూడాలనీ ఎవరికీ ఉండదు, ఆపెయ్యాలనీ ఎవరికీ ఉండదు. నేనూ అట్లాగే ఒంటికన్నుతో చూస్తుంటే తెర కింద ఒక వరుస అక్షరాలు జరిగిపోయాయి, ఇక నుంచి ఈ పాత్రలో ఫలానా ఆయన నటిస్తారని. పదిహేనేళ్ల కింద ఒకసారి చదివి, ఆ తరువాత ఎన్నోసార్లు నిద్రలో కూడా చదువుకున్న వరుస అది. నా పక్కన, గాంధారి నుంచి మామను ఆటోలో తీసుకొచ్చిన ఒక ఆడమనిషి గట్టిగా నిట్టూర్చింది.

"అయ్యో, గా ముందటాయన మంచిగుండె అక్కా. గీ కొత్తాయన వచ్చినంక సీరియల్ల పానమే లేకపాయె. గాయన ఎటు వొయిండో ఏమో!"

ఆయన ఎటు పోయాడో నాకు తెలుసు, ఎవరు పంపారో అంతకంటే బాగా తెలుసు. మందు వేసిన కన్ను ఎలాగూ కారుతూనే ఉంది కనుక ఎవరూ నన్ను అడగలేదు.

మా పుట్టిల్లు ఎల్లారెడ్డి. ముందర బట్టల దుకాణం, వెనుక ఇల్లు, రెంటికీ నడుమ ఒక తెర. నడక రాకముందే దుకాణంలో పరిచిన తెల్లపరుపు మీద పాకినదాన్ని కనుక, అక్షరాలకంటే ముందు నాకు గిరాకీల పాదాలు చదవడం వచ్చింది. మా దుకాణానికి మూడు మెట్లు. ధర కుదరక లేచిన మనిషి మొదటి మెట్టు దిగినప్పుడు తల ఎత్తకూడదు, రెండో మెట్టు మీద ఉండగా చీర మడత పెడుతున్నట్టు చప్పుడు చెయ్యాలి, మూడో మెట్టు మీద పాదం పడగానే "ఓ అవ్వా, ఆగు, ఇటు రా" అని పిలవాలి. ఇది మా బాపు చదువు. దిగేవాళ్లకూ ఈ చదువు వచ్చు కాబట్టే చెప్పులు వెతుక్కుంటూ, కొంగు సర్దుకుంటూ అంత నెమ్మదిగా దిగేవాళ్లు. మూడో మెట్టు మీద పిలవని దుకాణదారును నేను చిన్నప్పుడు చూడలేదు, అందుకని లోకంలోనే ఉండడనుకున్నాను.

పెళ్లయి కామారెడ్డికి వస్తే ఇక్కడా అత్తగారిది బట్టల దుకాణమే. ఏడ్చే అవసరం లేకపోయింది, పరుపు మారింది అంతే. బేరానికి నాకెంత పేరంటే, వాడకట్టులో ఎవరు గిన్నెలు కొన్నా, పరుపులు కొన్నా, బీరువా కొన్నా నన్ను వెంట పెట్టుకొని పోయేవాళ్లు. ఒకసారి బర్రెను కొనడానికి కూడా తీసుకుపోయారు. బర్రె గురించి నాకు తెలిసింది అది పాలిస్తుందని మాత్రమే, అయినా రెండుసార్లు లేచి నడిచి, అమ్మేవాడితో వెనక్కి పిలిపించుకొని, చెప్పిన ధరలో చాలా తగ్గించి కొనిపించాను. ఆ బర్రె ఎవరినీ దగ్గరికి రానియ్యక తన్నేదని తరువాత తెలిసింది. నాకు తెలియని సరుకులో వేలు పెట్టవద్దని ఆ బర్రె అప్పుడే చెప్పింది, నేనే వినలేదు.

తమ్ముడు నాకంటే పన్నెండేళ్లు చిన్న. బాపు పోయాక దుకాణం మా అమ్మే, మేమంతా అవ్వ అనే మా అమ్మే, నడిపింది. సరుకు తేవడానికి హైదరాబాదు పోయి వస్తూండిన తమ్ముడు, అక్కడ ఎవరో షూటింగు చూపిస్తామంటే పోయి, గుంపులో నిలబడమంటే నిలబడి, తరువాత ఒక మాట చెప్పమంటే చెప్పి, ఇట్లా ఇట్లా రెండువేల తొమ్మిది నాటికి సాయంత్రం సీరియల్‌లో ఒక పెద్దింటి పెద్దకొడుకయ్యాడు. సరుకుకని పోయినవాడు తానే సరుకైపోయాడని నేను పరాచికాలాడేదాన్ని. ఆ సీరియల్‌వాళ్లు బట్టలు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలనేవాళ్లు కాబట్టి వాడి అంగీలన్నీ మా కామారెడ్డి దుకాణం నుంచే పోయేవి, నేనే ఏరి, కుట్టించి పంపేదాన్ని. వాటిలో నీలి చారలది ఒకటి, కాలరు లోపల వేరే గుడ్డ వేయించినది, వాడి రంగుకు ఎంతో నప్పేది.

ఆ రోజుల్లో మీకూ గుర్తుండే ఉంటుంది, సీరియల్ వేళా కరెంటు కోత వేళా ఒకటైతే ఎవరింట్లో బ్యాటరీ ఉంటే వాళ్లింటికి వాడకట్టంతా చేరేది. ఎల్లారెడ్డిలో ఆ ఇల్లు మాదే. అవ్వ దుకాణం సగం మూసి పరుపు మీదనే అందరినీ కూర్చోబెట్టేది. తమ్ముడు ఊరికి వస్తే కూరగాయలమ్మే ముసలమ్మ దారిలో ఆపి, "పెండ్లాన్ని గన్ని మాటలంటివి, నోరెట్ల వచ్చిందిర నీకు?" అని నిజంగానే తిట్టేది, తిట్టి రెండు బీరకాయలు చేతిలో పెట్టేది. టీవీలో వాడు "నేను వెళ్లొస్తానమ్మా" అంటే అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వేది, "వీనికి గీ మాటలు ఎవలు నేర్పిన్రే? ఇంట్లకెల్లి పోయేటప్పుడు పోయొస్త అని గూడ చెప్పడు" అని. వాడు రోజూ ఇంటికి వస్తున్నట్టే ఉండేది ఆమెకు. నిజానికి ఆ అరగంట కోసమే ఆమె మిగతా రోజంతా మీటరు కర్ర పట్టుకొని నిలబడేదని నాకు తరువాత అర్థమైంది.

రెండో ఏడు వాడికి సినిమా వచ్చింది. హీరో పక్కన ఉండే డ్రైవరు వేషం, మన యాస ఉన్నవాడు కావాలన్నారట, మూడు సీన్లు, వరసగా ఇరవై రోజులు బయట ఊళ్లో షూటింగు. సీరియల్ మేనేజరు సెలవు కుదరదన్నాడు, ఆ ఇంట్లో చెల్లెలి పెళ్లి తీస్తున్నారు, అందరూ పందిట్లో నిలబడాలి. ఏం చెయ్యాలో తోచక తమ్ముడు బస్సెక్కి నా దగ్గరికి వచ్చి, దుకాణం పరుపు మీద కాళ్లు ముడుచుకొని కూర్చొని, సినిమా వదులుకోనా, సీరియల్ వదులుకోనా అని అడిగాడు. నేను చీరలు మడత పెడుతూ, తల కూడా ఎత్తకుండా చెప్పాను, ఆ తల ఎత్తకపోవడం తలుచుకుంటేనే ఇప్పటికీ నా మీద నాకు చిరాకేస్తుంది.

"రెండిట్ల ఏదీ వదలకు. బ్యాగు సదురుకో, దండం పెట్టు, బయటికి నడువు. గేటు దాటకముందే పిలుస్తరు. ఇంటి పెద్దకొడుకు లేకుంట పెండ్లెట్ల చేస్తర్రా? గరజు వాళ్లది."

గరజు, అంటే అవసరం, ఎవరిదో వాళ్లే ముందు నోరు తెరుస్తారన్నది మా వృత్తిలో మొదటి పాఠం. షూటింగు అనేదాన్ని నేను ఒక్కరోజైనా చూసినదాన్ని కాదు, కానీ బర్రె సంగతి కూడా తెలిసినదాన్ని కాదు కదా.

వాడు చెప్పినట్టే చేశాడు. దండం పెట్టాడు, గేటు దాటాడు, గేటు ముందర చాయ్ బండి దగ్గర చాయ్ తాగాడు, ఇంకోటి తాగాడు. ఎవరూ పిలవలేదు. గదికి పోయి ఫోను ఎదురుగా పెట్టుకొని కూర్చున్నాడు. రెండో రోజు పొద్దున నాకు ఫోను చేసి, "పిలుస్తలేరక్కా. నేనే పోయి, తప్పయింది, పెండ్లి అయిందాక ఉంట అని చెప్తనే" అన్నాడు. అప్పుడు సరేనన్నా సరిపోయేది. నేను నవ్వి, "వెనక్కి తిరిగి చూస్తే బేరం పోతదిరా, ఇంకొక్క దినం ఓపిక పట్టు" అన్నాను. నా మాట మీద వాడు ఇంకొక్క దినం పట్టాడు. ఆ ఒక్క దినంలోనే వాళ్లు ఇంకొకతన్ని వెతుక్కున్నారు.

అది మాకెవరికీ తెలియదు, తమ్ముడు ఆ సినిమా షూటింగుకు పోయాడు. పదో రోజునో పన్నెండో రోజునో ఏదో పని మీద నేను ఎల్లారెడ్డిలోనే ఉన్నాను. అవ్వకు గేటు సంగతి, బ్యాగు సంగతి ఏమీ చెప్పలేదు. ఎప్పటిలాగే పరుపు నిండా ఆడవాళ్లు. పెళ్లి పందిరి, అరటి బోదెలు, బాజాలు, ఇంతలో తెర కింద ఆ వరుస జరిగింది, పందిట్లోకి పెద్దకొడుకు నడిచి వచ్చాడు. ఎత్తు అదే, మీసం అదే, ముఖం వేరే. ఆ ఇంటి తల్లి అతన్నే కొడుకా అని పిలిచింది, భార్య అతనికే నీళ్లిచ్చింది, పందిట్లో ఒక్కరికీ తేడా కనపడలేదు. పక్కింటామె అవ్వ భుజం కదిపి, "ఏందవ్వా, మీ పిలగాడు మారిండు?" అంది.

అవ్వ చాలాసేపు చూసింది. ఆమెకు చదువు రాదు, గుడ్డ తెలుసు. "అంగి మాదే" అంది.

నీలి చారల అంగీ. తమ్ముడు బ్యాగు సర్దుకునేప్పుడు, ఎలాగూ వెనక్కి పిలుస్తారు కదా అని కొన్ని బట్టలు అక్కడి పెట్టెలోనే ఉంచి వచ్చాడు. వాటిలో అదొకటి.

ఆ తరువాత కూడా అవ్వ ఆ సీరియల్ చూడడం మానలేదు. ఎందుకని నేను అడగలేదు, ఆమె ఏ రోజు ఏ అంగీ కోసం చూస్తుందో నాకు తెలుసు.

సినిమా పూర్తయి థియేటరుకు రావడానికి ఏడాదిన్నర పట్టింది. కామారెడ్డిలో పడ్డ మొదటి రోజే ఎల్లారెడ్డి నుంచి అవ్వను తీసుకొచ్చాం, ఆమె థియేటరులో అడుగుపెట్టి ఇరవై ఏళ్లయి ఉంటుంది, పట్టుచీర కట్టుకొని వచ్చింది. నడుమ తమ్ముడు, అటూ ఇటూ మేమిద్దరం. ఇంటర్వెల్ దాకా తెర మీదికి వాడు రాలేదు. "ఇంక రాలేదేందిర?" అని అవ్వ అడిగితే, "ముంగటుంది అవ్వా" అన్నాడు. ముందర వచ్చింది, హీరో కారు దిగి నడుస్తుంటే స్టీరింగు ముందర ఒక వీపు, ఒక మోచెయ్యి. అంతే. మూడు సీన్లూ ఎక్కడో కోసేశారు, వాడికి కూడా ఎవరూ చెప్పలేదు. లైట్లు వెలిగాక వాడు తల్లి ముఖం చూడకుండా, "నువ్వు నీళ్లు తాగెటప్పుడు వచ్చి పాయె అవ్వా" అన్నాడు. ఆమె కూడా వాడి ముఖం చూడకుండా, "గావచ్చు బిడ్డా, నాకు కన్నంటుకున్నది" అంది. ఇద్దరూ దుకాణం మనుషులే, ఒకరి అబద్ధాన్ని ఒకరు ధర అడగకుండా పుచ్చుకున్నారు.

అవ్వను దించడానికి ముగ్గురం ఎల్లారెడ్డి బస్సెక్కాం. లింగంపేట దాటాక, ఆమె కిటికీకి తల ఆనించి నిద్రపోయాక, నేను ఏడాదిన్నరగా మోస్తున్నది దించాను, ఆ రెండో రోజు నిన్ను పోనిచ్చి ఉంటే అని. వాడు ముందరి సీటు కడ్డీ పట్టుకొని, "నేను గూడ గా మెట్ల మీద పుట్టినోన్నే గదక్కా. నువ్వు చెప్పకున్నా దిగెటోన్నే" అన్నాడు. నా మీద దయతో అన్నాడో, నిజంగానే అన్నాడో, ఇన్నేళ్లయినా తేల్చుకోలేకపోయాను.

తరువాత రెండు మూడేళ్లు తిరిగాడు. సినిమావాళ్లు, రోజూ ఇంట్లో ఉత్తగా చూసిన ముఖానికి టిక్కెట్టు ఎవరు కొంటారన్నారు. టీవీవాళ్లు చాయ్ ఇచ్చి, సినిమాకని ఒకసారి పోయినవాడు మళ్లీ పోడా అన్నారు. తానులోంచి ఒకసారి కోసిన గుడ్డను మళ్లీ తానులో కలపలేము, ముక్కల కింద అమ్ముకోవాలి. డాక్టరుగా ఒకరోజు, పోలీసుగా రెండు రోజులు, అట్లా ముక్కలుగా అమ్ముడుపోయి, తెలంగాణ వచ్చిన ఏడు, అవ్వ మోకాళ్లు బొత్తిగా లేవనంటున్న రోజుల్లో, ఎల్లారెడ్డికి వచ్చి దుకాణంలో కూర్చున్నాడు. మొదట్లో వాడిని చూడడానికని వచ్చి జాకెట్టు ముక్కలు కొనేవాళ్లు. మెల్లగా అదీ పోయింది. ఇప్పుడు అవ్వా లేదు. ఎవరైనా మెట్లు దిగిపోతుంటే తమ్ముడు పిలవడు. "పోయెటోల్లను పోనీ అక్కా" అంటాడు, విసుగు కూడా ఉండదు ఆ గొంతులో.

ఆసుపత్రిలో నన్ను మూడోసారి పిలిచాక గానీ నాకు వినపడలేదు. లేస్తూ టీవీ వంక చూస్తే కొత్తాయన పందిట్లో తిరుగుతున్నాడు, ఆ నీలి చారలు ఇన్నేళ్లకు కూడా వెలిసిపోలేదు, మంచి సరుకు. గాంధారి ఆమెతో, "ముందటాయన ఎల్లారెడ్డిల ఉన్నడమ్మా, బట్టల దుకాణం పెట్టుకున్నడు, పోతే మంచి ధరకిస్తడు" అన్నాను. ఆమె నా చెయ్యి మీద చిన్నగా కొట్టి, "ఊకో అక్కా, పరాచికాలాడకు" అని నవ్వింది. ముప్పై ఏళ్లు బేరమాడి జనాన్ని ఒప్పించినదాన్ని, ఒక్క నిజం మాత్రం అమ్ముకోలేకపోయాను.

ఇప్పుడు కామారెడ్డిలో మా కొడుకు దుకాణానికి మెట్లే లేవు. రోడ్డు ఎత్తు పెంచితే మెట్లు మునిగిపోయాయి, అద్దాల తలుపు పెట్టించాడు, ప్రతి చీరకూ ధర చీటీ అంటించాడు. నచ్చితే కొంటారు, లేకపోతే తలుపు దానంతటదే తెరుచుకొని దానంతటదే మూసుకుంటుంది, నడుమ ఎవరికీ ఎవరితోనూ మాట అక్కరలేదు. నేను మాత్రం గల్లా పక్క కుర్చీలోంచి, వట్టి చేతులతో పోయేవాళ్లను చూస్తే ఉండలేక, "ఓ అవ్వా, ఆగు, ఇటు రా" అని కేక వేస్తాను. చీటీ మీద ధర ఉండగా పిలిచి ఏం తగ్గిస్తావమ్మా అని కొడుకు చిరాకుపడతాడు. తగ్గించేది ఏమీ లేదు. మెట్లు దిగే మనిషి చెవి ఎప్పుడూ వెనక్కే ఉంటుందని నాకు తెలుసు, అంతే.