ఖాజా వాళ్లమ్మ పేరు

పక్క పోర్షన్‌లో వాము వేయిస్తున్నారు. ఆ ఘాటు కిటికీలోంచి వచ్చి ముక్కుకు తగలగానే చదువుతున్న పుస్తకం మూసేశాను. అక్కడ కొత్తగా దిగిన దంపతులకు ఈమధ్యే కొడుకు పుట్టాడు. బాలింత ఉన్న ఇంట్లో వాము వేయించడం వింతేమీ కాదు. కానీ చాలా ఏళ్ల పాటు ఆ వంటింట్లోంచి ఆ వాసన వచ్చిందంటే వేయించేది ఒక్క మనిషే. గల్లీలో ఎవరికి కాన్పు అయినా ఆమె మూకుడు పొయ్యి మీదికెక్కేది. ఆమె పోయిన రోజు మసీదు మైకులో "ఖాజా మియా కీ వాలిదా" అన్నారు. కిషన్‌బాగ్‌లో మా గల్లీ మొత్తం కదిలి వచ్చింది. అందరూ "ఖాజా వాళ్లమ్మ పోయింది" అని కళ్లు తుడుచుకున్నారు. జనాజాకు భుజం పట్టిన వాళ్లలో ఆమె పేరు ఎందరికి తెలుసో నాకు అనుమానమే. ఆమె పేరు షహజాదీ బేగం. ఆ పేరు ఎక్కడో ఒకచోట అచ్చులో ఉండాలని ఇది రాస్తున్నాను. నా సంసారం నిలిచిందంటే అందులో ఆమె చెయ్యి ఉంది కాబట్టి రాయవలసినవాణ్ణి నేనే.

నేను పత్తర్‌గట్టిలో షేర్వానీలు కుట్టే దుకాణంలో కటింగ్ మాస్టర్‌ని. బడిలో చదివింది తక్కువ. మిగతాదంతా సర్కారు గ్రంథాలయంలో, పని అయిపోయాక, ఫ్యాను కింద కుర్చీ దొరికినప్పుడు చదువుకున్నదే. అందుకని ఇరవై ఏళ్ల కిందట నా భార్య సరళకు నెల తప్పిందని తెలియగానే నేను చేసిన మొదటి పని శిశుపోషణ పుస్తకాలు ఇంటికి మోసుకురావడం. బట్ట మీద కత్తెర పెట్టేముందు కొలతలు చూసుకునేవాడికి బిడ్డ విషయంలో ఊరికే ఉండబుద్ధి కాలేదు. పాప పుట్టాక ఆ పుస్తకాలు చూసే పాలు పట్టించాను, నీళ్లు పోయించాను, వెల్లకిలా పడుకోబెట్టించాను. సరళకు తల్లి లేదు. పుట్టిల్లంటే జనగామలో అన్న ఇల్లే. అక్కడ నాలుగు రోజులుండి వచ్చేసింది. ఇంట్లో ఉన్నది మేమిద్దరం, పాప, పుస్తకాలు.

గోడ అవతల షహజాదీ అమ్మీ. భారీ మనిషి, అంతకంటే భారీ గొంతు. వచ్చినప్పుడల్లా చేతిలో బెల్లం, వాము, నెయ్యి కలిపి కాచిన గిన్నె ఉండేది. పాప నాలుకకు తేనె రాస్తానని ఒకరోజు పట్టు పట్టింది. ఏడాది నిండేదాకా తేనె వద్దని పుస్తకం తెరిచి చూపించాను. ఆమెకు తెలుగు చదవడం రాదు. అయినా పేజీని చాలాసేపు చూసి, "అచ్ఛా, ఛాపేసిన్రంటే ఏదో సోంచాయించే ఉంటరు" అని తేనె వేలు తనే చప్పరించింది. ఆ ఒక్కసారి పుస్తకం గెలిచింది. ఆ తర్వాత ఎప్పుడూ ఆమె తేనె మాట ఎత్తలేదు.

సరళ మాత్రం ఒక మధ్యాహ్నం నన్ను అడిగింది: "గా పుస్తకంల నా గురించి ఏమున్నది?"

వెతికి చూశాను. తల్లి తినవలసినవి ఉన్నాయి, పాలు పడటానికి ఉన్నాయి, నడుముకు కట్టుకునే గుడ్డ గురించి ఉంది. అవే చదివి వినిపించాను. "సరే తియ్" అని అటు తిరిగి పడుకుంది. ఆ వారమే అన్నకు ఫోన్ చేసి ఆదివారం వచ్చి తీసుకుపొమ్మంది. నాతో మాత్రం ఒక్కటే మాట చెప్పింది: "ఈసారి పోతే మల్ల రాను. పిల్లను గూడ నువ్వే ఉంచుకో. నాకంటె నువ్వే మంచిగ చూస్తున్నవ్." కోపంగా అని ఉంటే బతిమాలేవాణ్ణి. చాలా మామూలుగా, కూరగాయల సంగతి చెప్పినట్టు చెప్పింది. నేను ఎవరికీ చెప్పుకోలేదు.

ఆదివారానికి ముందే పాపకు టీకా వేయించాలి. షహజాదీ అమ్మీ తోడు వచ్చింది. ఆమె కొడుకు ఖాజా తన ఆటోలో దింపాడు. పాపకు ఇంకా పేరు పెట్టలేదు. అలాంటి పిల్లల్ని దవాఖానాలో తల్లి పేరుతోనే పిలుస్తారు. నర్సమ్మ తలుపు దగ్గరికి వచ్చి, "సరళ! సరళ ఎవలమ్మా?" అంది.

ఎవరూ లేవలేదు. నేను కూడా ఈ సరళ ఎవరా అని బెంచీల వెంట చూశాను. పాప పుట్టినప్పటి నుంచి నా భార్యను నేను "పాపోళ్లమ్మా" అనే పిలుస్తున్నాను. ఆమె నన్ను "పాప నాయినా" అంటోంది. ముద్దుగా మొదలైన పిలుపు. అదే అలవాటైపోయింది.

"ఉన్నదా, వోయిందా? సరళా!" అని నర్సమ్మ విసుక్కుంది.

"అరే నర్సింగ్! సరళంటె నీ పెండ్లామే గదరా! ఎవలను దేవులాడుతున్నవ్?" షహజాదీ అమ్మీ గొంతుకు హాలంతా మా వైపు తిరిగింది. బెంచీల మీద అందరూ నవ్వారు. సిగ్గుపడుతూ నేనూ నవ్వాను. సరళ నవ్వలేదు. పాపను జోకొడుతున్న చెయ్యి ఆపి, "నన్నేనా పిలుస్తున్నది?" అని అడిగింది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో అమ్మీ నోరు విప్పలేదు. అది ఎంత అరుదైన సంగతో ఖాజాకు తెలుసు. అద్దంలో నాకేసి చూసి, జాగ్రత్త అన్నట్టు కళ్లెగరేశాడు. ఇంటికి రాగానే సరళను లోపల పడుకోమని పంపి, అమ్మీ నన్ను వాకిట్లో నిలబెట్టింది.

"ఇన్నొద్దులసంది గోడకు గోడ ఆనుకొని ఉంటున్నం. నా పేరేంది?"

"ఖాజా వాళ్లమ్మ..." అన్నాను.

"తెల్వదు గదా? షహజాదీ. మా అబ్బ పెట్టిండు. ఖాజా పుట్టినంక ఎవల నోట్లె లేదు. మా ఇంటాయన అయితె, 'అజీ, సున్తీ హో' అంటడు, ఇంటున్నవా అని. మేకను పిలిచినా గంతే." అరుగు మీద కూర్చున్న ఇబ్రహీం చాచా, ఆమె భర్త, తల దించుకుని పాన్ నములుతూ ఉండిపోయాడు. "నాకంటె గడిచిపోయింది. నవ్వుకుంట గడిపిన. గా పోరి నవ్వుతలేదు బేటా. గామె కండ్లు చూసినవా? బచ్చాను అందరు చూస్తున్నరు. జచ్చాను ఎవలు చూస్తరు?"

జచ్చా అంటే బాలింత. అర్థం నాకు తెలుసు. గ్రంథాలయంలో నిఘంటువు చూసి నేర్చుకున్నాను కూడా. అప్పుడే ఆదివారం సంగతి మొత్తం ఆమెకు చెప్పేశాను.

ఆ సాయంత్రం నుంచి షహజాదీ అమ్మీ హుకుం అమలైంది. నేను దుకాణం నుంచి రాగానే పాపను తను ఎత్తుకుపోతుంది. మేమిద్దరం వాకిట్లో మెట్టు మీద చాయ్ తాగాలి. పాప ముచ్చట తీయకూడదు. తీస్తే చాయ్ బంద్. మొదటిరోజు ఆ మెట్టు మీద చాయ్‌లో చక్కెర గురించి, గల్లీలో నీళ్ల గురించి మాట్లాడుకున్నాం. అవి అయిపోగానే నేను, "సరళా, ఇయ్యాల పాప..." అన్నానో లేదో, గోడ అవతలి నుంచి "చాయ్ బంద్!" అని కేక. ఇబ్రహీం చాచా నవ్వుతూ వచ్చి నా చేతిలోని కప్పు నిజంగానే తీసుకుపోయాడు. సరళ పెదవులు కొద్దిగా కదిలాయి.

రెండోరోజు తనే మాట్లాడింది. దుకాణంలో ఏం కుట్టారని అడిగింది. ఒక పెళ్లికొడుకు పొట్ట దాచేలా షేర్వానీ కత్తిరించమన్నాడని చెప్పాను. వింటూ వింటూ, కప్పులోకి చూస్తూ అంది: "నాకు పిల్లను ఎత్తుకోవాలంటే భయమైతుంది. పడేస్తనేమో అనిపిస్తది. నువ్వు పుస్తకం చూసి అన్ని సక్కగ చేస్తవ్. గందుకే నీకిచ్చి పోదామనుకున్న." దీనికి ఏ పేజీలో ఏముందో అని నా బుర్ర వెతకబోయింది. ఆపి, ఆమె చెయ్యి పట్టుకున్నాను. "నాకు గూడ భయమే సరళా. గందుకే పుస్తకం చూస్త" అన్నాను. ఆమె నా వైపు తిరిగి, కొత్త మనిషిని చూసినట్టు చూసింది. మర్నాడు నేను, సరళ, అమ్మీ ముగ్గురం కలిసి దవాఖానాకు మళ్లీ వెళ్లాం, ఈసారి సరళ కోసం. డాక్టరమ్మ ఆమెను కూర్చోబెట్టి చాలాసేపు మాట్లాడింది, మందులు రాసింది, వారం వారం రమ్మంది.

ఆదివారం బావమరిది వచ్చాడు. సంచి సర్ది తలుపు పక్కనే ఉంది. సరళ దాన్ని చూసింది, గోడ అవతల అమ్మీ ఒళ్లో ఏడుస్తున్న పాప గొంతు విన్నది. "ఇయ్యాల నేను రాను, అన్నా. వచ్చినవ్ గని, చాయ్ తాగి పో" అంది. అన్నీ ఆ రోజుతో చక్కబడలేదు. ఆ సంచి చాలా రోజులు విప్పకుండా అక్కడే ఉంది. తర్వాత ఒకరోజు చూస్తే దాంట్లో ఆమె చీరలకు బదులు పాప గుడ్డలు ఉన్నాయి.

ఇప్పటికీ సాయంత్రం చాయ్ మేమిద్దరమే తాగుతాం. డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి తన ఫీజు సంగతో, పరీక్షల సంగతో చెప్పబోతే సరళ చెయ్యి అడ్డం పెడుతుంది: "ఇప్పుడు గాదు. నేను మీ నాయినతోని ముచ్చట పెడుతున్న." నాకు ఆ మాట ఎన్నిసార్లు విన్నా తనివి తీరదు.

ఈ నాలుగు మాటలు రాయడానికి సాయపడినవాళ్లు ఉన్నారు. తల్లి పోయాక ఇల్లు మారినా ఆమె గురించి రాయడానికి ఒప్పుకున్న ఖాజాకు, ఆ పేరును ఉర్దూలో ఎలా రాస్తారో వేలితో నేల మీద రాసి చూపించిన ఇబ్రహీం చాచాకు, దవాఖానా సంగతి రాయవచ్చని అనుమతి ఇచ్చి, రెండుచోట్ల నా అతిశయోక్తులు కొట్టేసిన సరళకు, తప్పులు దిద్దిన మా అమ్మాయి మానసకు కృతజ్ఞతలు. పక్కింటి బాలింతను చూడటానికి నిన్న వెళ్లాం. సరళ ఆమె పక్కన కూర్చుని మొదట పేరే అడిగింది. ఆ అమ్మాయి పేరు అనూష. వాము వాసన నా దాకా పంపినందుకు ఆమెకూ కృతజ్ఞతలు. అందరికంటే ముందు చెప్పవలసింది షహజాదీ బేగంకు.