వేరు బుడిపెలో ఎరుపు

మాస్టారు పోయారని కబురొచ్చేసరికి నేను మినుము చేను గట్టు మీద ఉన్నాను. మొన్నటి సముద్రపు పోటుకి డ్రెయిన్ కాలువ ఎగదన్ని ఉప్పునీళ్లు చేలోకి వచ్చాయి. అప్పటినుంచి మొక్కలు పసుపెక్కుతున్నాయి. ఆదివారం బందరు నుంచి వచ్చి చూస్తానన్న మనిషి శుక్రవారమే వెళ్లిపోయారు. నిజం చెప్పొద్దూ, ఏడుపుకంటే ముందు నాకు భయం వేసింది.

కాలేజీలో మాకు బయాలజీ చెప్పారాయన. రిటైరయ్యాక దివిసీమలో పాత విద్యార్థుల చేలన్నీ తనవే అన్నట్టు తిరిగేవారు. వరి కోతకు ముందే తడి మీద మినుము చల్లుతాం మేము. ఆ మొక్క కాస్త ఎదగగానే ఫోను మోగేది. బాగున్నావా అని అడిగే అలవాటు లేదు. “బుడిపెలు ఎర్రగా ఉన్నాయా, అమ్మాయ్?” అన్నదే పలకరింపు.

వచ్చారంటే మొక్క పీకి, వేరుకున్న బుడిపెను బొటనవేలి గోటితో చీల్చేవారు. “గాలినిండా నత్రజనే. కానీ జంటలు జంటలుగా గట్టిగా పెనవేసుకుని ఉంటుంది, మొక్క విడదీసుకోలేదు. ఫ్యాక్టరీలో అయితే బోలెడు వేడి, ఒత్తిడి కావాలి. ఈ బుడిపెలో బాక్టీరియా ఉంది చూశావూ, దాని ఎంజైము చల్లటి బురదలోనే ఆ జంటను విడగొట్టి, హైడ్రోజన్ తగిలించి అమ్మోనియా చేసేస్తుంది.” అప్పుడు గొంతు తగ్గించేవారు. “ఇంత పనిమంతురాలైన ఆ ఎంజైముకీ ఆక్సిజన్ తగిలితే చావే. అందుకే ఈ ఎర్రటి పదార్థం కాపలా. మన రక్తంలో ఉండేదానికి చుట్టం. ఎరుపు పోయిందా, పని ఆగినట్టే.”

ఆ మాట విన్నప్పటినుంచి, చీలిస్తే గాలి తగిలి చస్తుందని నేను బుడిపె మీద గోరు పెట్టేదాన్ని కాదు. ఆ పని ఆయనకే వదిలేసేదాన్ని.

చేను పసుపెక్కితే మావాళ్లు చేసేది ఒకటే, యూరియా చల్లడం. ఓసారి మా ఆయన బస్తా విప్పుతుంటే మాస్టారు చెప్పులతోనే చేలోకి దిగిపోయారు. “ఆగవయ్యా! యూరియా అందితే బుడిపెలు పని మానేస్తాయి. ఇంటికి హోటలు భోజనం తెచ్చిపెడితే ఇక పొయ్యి ఎవరు వెలిగిస్తారు?”

ఇవాళ మళ్లీ మూతి విప్పిన యూరియా బస్తా గట్టు మీదికొచ్చింది. “ఏం చేద్దామంటావ్?” అన్నారు మా ఆయన. కౌలు చేను. ఈ పంట పోతే వచ్చే ఏడు ఇది మాది కాదు. అడగడానికి మాస్టారు లేరు.

ఒక మొక్క పీకి గోరు ఆనించాను. మొదటి బుడిపె లోపల తెల్లగా పాలిపోయి ఉంది. పక్కదీ అంతే. చిట్టచివరి దాంట్లో లేత ఎరుపు కనబడింది.

“ఎర్రగా ఉంది మాస్టారూ,” అని పైకే అనేశాను. మా ఆయన బస్తా మూతి కట్టేశారు.

చీల్చిన బుడిపె ఇక బతకదని తెలుసు. అయినా గాలి తగలకుండా గుప్పిట మూసుకుని అలాగే నిలబడ్డాను.