కుర్చీ కాలికి కట్టిన తాళంచెవి

ఆ రోజుల్లో నయా రాయపూర్‌లో మనుషుల కంటే దీపస్తంభాలే ఎక్కువ. అతిశయోక్తి అనుకునేరు, నేను చెప్పేవాటిల్లో అతిశయోక్తి కానిది అదొక్కటే. కొత్త రాజధాని అని చెప్పి ముందు రోడ్లు వేసేశారు, ఊరిని తర్వాత తెచ్చి పెట్టుకుందామని. ఒక్కో రోడ్డు ఎంత వెడల్పంటే, ఈ పక్క నుంచి దాటడానికి బయల్దేరిన కుక్క మధ్యలో పిల్లల్ని కని, వాటిని పెంచి పెద్దచేసి, అందరితో కలిసి అవతలి పక్కకి చేరేది. (చూశావా అంటే చూడలేదు. కానీ ఇటు ఒంటరిగా కనిపించిన కుక్క అటు సంసారంతో కనిపించడం మాత్రం చూశాను.) అలాంటి మహానగరంలో, గాలి తప్ప వేరే ఇరుగుపొరుగు లేని ఒక ప్రభుత్వ కార్యాలయంలో, కాంట్రాక్టు మీద నాకు టైపు చేసే ఉద్యోగం దొరికింది. ఇంకా పెళ్ళి కాలేదు. ఆడవాళ్ళ బతుకు కష్టమా, మగవాళ్ళ బతుకు కష్టమా అని ఎవరైనా అడిగితే, గొంతు సవరించుకుని “ఇద్దరిదీ కష్టమే” అని తీర్పు చెప్పే వయసు. ఆ తీర్పును కొట్టేసింది ఏ న్యాయస్థానమూ కాదు, విరిగిన కుర్చీ కాలు ఒకటి.

మాది రైల్వే కుటుంబం. మా తాత విజయనగరం వైపు నుంచి పట్టాల వెంబడే వచ్చి రాయపూర్‌లో దిగిపోయాడు. అందుకని మా ఇంట్లో ప్రయాణానికి సంబంధించిన జ్ఞానం అపారం. ఉద్యోగంలో చేరే రోజు పొద్దున మా అమ్మ నన్ను దీవించిన తీరు ఇది: “ఓలమ్మా, బయల్దేరే ముందు అన్నేసి నీళ్ళేటే? చాయ్ కూడా సగమే తాగు. మరీ గొంతు ఆరిపోతే పుక్కిలించి ఊసెయ్, మింగీకు.” మా అమ్మ ఒక్క గుక్క నీళ్ళతో దేశం ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్ళి, పెళ్ళి చూసి, అదే గుక్కతో తిరిగి రాగలదు. ఒంటెలు వచ్చి ఆవిడ దగ్గర శిష్యరికం చెయ్యాలి. అయినా నా సంచిలో సీసా నిండా నీళ్ళు పెట్టేది. తాగడానికి కాదు, ఆడపిల్ల నీళ్ళు లేకుండా వెళ్ళిందంటే నలుగురూ ఏమనుకుంటారని. సాయంత్రం సీసా నిండుగా తిరిగొచ్చేది. ఆ నీళ్ళు పెరట్లోని కరివేపాకు మొక్కకి పోసేది. నా ఉద్యోగం పుణ్యమా అని ఆ మొక్క రైల్వే సిగ్నల్ స్తంభమంత ఎదిగింది.

ఆఫీసులో ఆడవాళ్ళం ఇద్దరమే. మగవాళ్ళు ఎందరో లెక్కపెట్టే ఓపిక నాకు లేదు, ఒక పెళ్ళికి సరిపడా ఉండేవారు. మగవాళ్ళ బాత్రూమ్ తలుపు ధర్మసత్రంలా రాత్రింబవళ్ళు తెరిచే ఉండేది, దాని వాసన గేటు దాకా ఎదురొచ్చి అతిథుల్ని ఆహ్వానించేది. మా బాత్రూమ్‌కి మాత్రం తాళం. ఆ తాళంచెవి హెడ్ గుమాస్తా తల వెనక, దేవుడి క్యాలెండర్ పక్కన, మేకుకి వేలాడేది. హెడ్ గుమాస్తాని అందరూ బడే బాబు అనేవారు. తాళంచెవి ఎక్కడ పోతుందోనని ఆయన దానికి విరిగిన కుర్చీ కాలొకటి, ఫైళ్ళు కట్టే ఎర్ర నాడాతో కట్టించాడు. నగిషీ చెక్కిన టేకు కాలు. అది చేత్తో పట్టుకుని హాలు మధ్యనుంచి నడుస్తుంటే లంకకి బయల్దేరినట్టుండేది. ఒక్కో బల్ల దగ్గర ఒక్కో తల లేచేది. వెళ్ళేటప్పుడు లేచిన తలలు తిరిగొచ్చే దాకా దిగేవి కావు.

“తాళం ఎందుకు బాబూజీ?” అని మొదట్లో అడిగాను.

“మీ మంచికే బేటీ. బయట డ్రైవర్లొచ్చి పాడుచేసిపోతారు. లేడీస్ కీ ఇజ్జత్ కా సవాల్ హై,” అన్నాడు. (ఆయన మాట్లాడేదంతా హిందీయే. సగం నేను తెలుగు చేసి రాస్తున్నాను, సగం ఆయన నోట్లోనే బాగుంటుందని వదిలేస్తున్నాను.)

మన పరువు మేకుకి వేలాడదీసి కాపాడుతున్న మనిషిని ఏమనగలం? చెయ్యి చాచి, ఆయన భుజం మీదుగా వంగి, కుర్చీ కాలు అందుకోవాలి. అప్పుడాయన కళ్ళజోడు పైనుంచి చూసి, ఎంతో ఆప్యాయంగా, “ఫిర్ సే?” అనేవాడు. మళ్ళీనా అని. పొద్దున్నే మొదటిసారి వెళ్ళినా ఆ మాటే. మొదటిది మళ్ళీ ఎలా అవుతుందో ఆయనకే తెలియాలి.

ఇదే బడే బాబు స్టాఫ్ బస్సులో తత్వవేత్త. రాయపూర్ నుంచి ఆఫీసు దాకా దారంతా ఆయనది ఒకటే ఉపన్యాసం. “సచ్ బోలూఁ బేటీ? కష్టమంతా మర్దోఁదే, మగాళ్ళదే. మీకు బస్సులో వేరే సీటు, టికెట్ల దగ్గర వేరే లైను. మాకేముంది? రోజూ పొద్దున్నే గడ్డం గీసుకోవాలి. చలికాలంలో గీసుకుని చూడు, తెలుస్తుంది!” బస్సంతా ఘొల్లుమనేది. నేనూ నవ్వేదాన్ని. సాయంత్రం తిరుగు దారిలో ఆయన డ్రైవర్ భుజం తట్టి, ఏ దీపస్తంభం దగ్గరైనా “జరా రోకో భాయ్” అనేవాడు. బస్సు ఆగేది, మగవాళ్ళంతా దిగి కొత్త రాజధాని పచ్చదనానికి తమ వంతు సాయం చేసి, సేదతీరిన ముఖాలతో ఎక్కేవారు. మేమిద్దరం అటుపక్క కిటికీలోంచి, ఏమీ లేని మైదానాన్ని ఎంతో ఆసక్తిగా చూస్తూ కూర్చునేవాళ్ళం.

మేమిద్దరం అన్నానుగా, రెండో ఆవిడ తిల్దా అక్క. మనవాళ్ళే, శ్రీకాకుళం వైపు. వాళ్ళాయన తిల్దాలో బియ్యం మిల్లు లెక్కలు చూసేవాడు. ఆవిడ తెల్లారక ముందే వండి, పిల్లల్ని లేపి, లోకల్ బండిలో రాయపూర్ వచ్చి, అక్కణ్ణుంచి మా బస్సెక్కేది. తిల్దాలో గుమ్మం దాటితే మళ్ళీ ఆ గుమ్మం తొక్కేదాకా బిగబట్టుకునే శక్తి ఆవిడది. ఋషులు ఊపిరి బిగబట్టి వరాలు కొట్టేశారు, ఆవిడ బిగబట్టిన దానికి దక్కింది కిడ్నీలో రాయి. ఆ ఎక్స్‌రే కిటికీ దగ్గర పట్టుకుని చూపిస్తే, నాకైతే అందులో రేగిపండంత రాయి కాదు, ఓ చిన్న కొండ, దాని మీద గుడి కూడా కనిపించాయి.

“డాక్టరు ఏటన్నాడక్కా?”

“నీళ్ళు బాగా తాగమన్నాడే, మాటిమాటికీ వెళ్ళమన్నాడు. ఈ రెండూ కుదరకపోతే నౌకరీ మానీ అన్నాడు. మా ఆయనకి పండగే అనుకో. నాను ముందే చెప్పానా అంటన్నాడు.”

“మరి మానేస్తావా?”

ఆవిడ ఎక్స్‌రే మడవకుండా జాగ్రత్తగా కవర్లో పెట్టుకుంది. “తిల్దాలో నాకు పేరు లేదే పిల్లా. ఫలానా వాళ్ళ కోడలు, ఫలానా గుంటడి అమ్మ. ఇక్కడ పొద్దున్న హాజరీలో నా పేరు పెట్టి పిలుస్తారు. ఆ ఒక్క పిలుపుకే లోకల్లో నిలబడి వస్తన్నాను. ఎలా మాన్తాను?”

మర్నాటి నుంచి అక్క సీసా మూత తీసింది. కార్యాలయ చరిత్రలో ఒక ఆడది నీళ్ళు తాగడం అదే మొదటిసారి కాబోలు, జనం పనులాపి చూశారు. తాగినాక జరగాల్సింది జరుగుతుంది కదా. అక్క లేచేది, కుర్చీ కాలు తీసుకునేది, ఊరేగింపుగా వెళ్ళేది. “ఫిర్ సే?” ఇంకాసేపటికి మళ్ళీ లేచేది. “ఫిర్ సే?” వారం తిరక్కుండా ఆవిడకి ‘టంకీ మేడమ్’ అని పేరు పెట్టారు. డాబా మీది నీళ్ళ ట్యాంకుని అక్కడ టంకీ అంటారు. పేరు పెట్టి పిలుస్తారని వచ్చిన మనిషికి అలా రెండో పేరు కూడా దొరికింది.

ఒకరోజు, మే నెల మంటల్లో, అక్క వెళ్ళేసరికి బడే బాబు ఫోన్లో ఉన్నాడు. కుర్చీ వెనక్కి వాల్చి, తల సరిగ్గా ఆ మేకుకి ఆనించి, కూతురి పెళ్ళికి వచ్చే బంధువుల భోజనాల గురించి మాట్లాడుతున్నాడు. అక్క ఎదురుగా నిలబడింది. ఆయన పూరీల దగ్గర మొదలుపెట్టి, జిలేబీల మీదుగా, పాన్ దాకా వచ్చాడు. అక్క నడుము మీద చెయ్యి వేసుకుని అలాగే నిలబడింది. చివరికి ఫోన్ పెట్టేసి, “అరే బేటీ, ఇంటి దగ్గరే అంతా కానిచ్చుకుని రావచ్చుగా?” అన్నాడు. హాలంతా నవ్వింది. అక్క కుర్చీ కాలు తీసుకుని వెళ్ళొచ్చి, తన చోట కూర్చుని, సీసా మూత గట్టిగా బిగించేసింది. ఆ సాయంత్రం బస్సులో కిటికీకి నుదురు ఆనించి, “ఒకటో తారీకుకి జీతం పుచ్చుకుని మానేస్తానే,” అంది.

అప్పుడు నాకు జ్ఞానోదయమైంది. మగవాళ్ళకి కష్టం తెలియకపోవడానికి కారణం చెడ్డతనం కాదు, తాళం లేకపోవడం! తాళం ఒకటి వేసి, చెవి మన దగ్గర పెట్టుకుని, కళ్ళజోడు పైనుంచి ఒక్కసారి “ఫిర్ సే?” అన్నామంటే ఒక్కపూటలో అందరూ మహాత్ములైపోతారు. వెంటనే గోల్ బజార్ వెళ్ళి, కోట తలుపుకి వేసేంత తాళం కొన్నాను. మర్నాడు ఆఫీసు మెట్ల కింద పడేసిన విరిగిన సామాన్లలో వెతికితే, మీరు నమ్మరు, అదే కుర్చీ రెండో కాలు దొరికింది. దానికి ఎర్ర నాడాతో కొత్త తాళంచెవి కట్టాను. ఆ మర్నాడు పొద్దున బస్సు దిగిన మగవాళ్ళంతా గేటు దగ్గర చాయ్ తాగుతుండగా, ధర్మసత్రం తలుపు మూసి తాళం బిగించి, కాలుని అక్క బల్ల మీద ప్రతిష్ఠించాం. అక్క మొదట భయపడింది గానీ, తర్వాత చీర కొంగు నోటికడ్డం పెట్టుకుని “ఫిర్ సే? ఫిర్ సే?” అని పాఠంలా వల్లెవేసుకుంది. అంతగా నవ్వగా ఆవిణ్ణి నేను చూడ్డం అదే మొదటిసారి.

మొదటగా చిన్న గుమాస్తా లేచాడు. ‘టంకీ’ అని పేరు పెట్టింది వీడే. వెళ్ళాడు, తాళం చూశాడు, కదిపాడు. తిరిగొచ్చి మా బల్ల మీది కాలు చూశాడు. అక్క ఊపిరి పీల్చుకుని సిద్ధంగా ఉంది. వాడు భుజాలెగరేసి, ఈల వేసుకుంటూ, వెనక మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

కిటికీలోంచి చూశాం. నయా రాయపూర్ మొత్తం వాడి ముందు చేతులు చాచి నిలబడి ఉంది. కొత్తగా నాటిన మొక్కలు, ప్రహరీ గోడలు, పునాదులు, పైపులు, మైదానాలు. ఎన్నుకోవడంలోనే వాడికి కాస్త ఆలస్యమైంది. తర్వాత ఇంకొకడు వెళ్ళాడు. తర్వాత ఇద్దరిద్దరుగా, కబుర్లు చెప్పుకుంటూ వెళ్ళారు. విడిపోయిన స్నేహాలు కలిశాయి. ప్రమోషన్ విషయంలో ఏడాదిగా మాటల్లేని ఇద్దరు భుజాల మీద చేతులేసుకుని తిరిగొచ్చారు. అందరి కంటే చివర బడే బాబు వెళ్ళొచ్చి, “బాహర్ క్యా మస్త్ హవా హై!” అని మా బల్ల పక్కనుంచే బయటి గాలిని మెచ్చుకుంటూ పోయాడు. కుర్చీ కాలు కావాలని ఒక్కడూ అడగలేదు. మధ్యాహ్నానికి దాని మీద ఈగ వాలింది. అక్క నోట్లో “ఫిర్ సే” అలాగే మిగిలిపోయింది.

కథ అక్కడితో ఆగినా బాగుండును. పెద్దసారు గది కిటికీ వెనక వైపుకే తెరుచుకుంటుంది. ఆ పూట ఆయన దగ్గరికి ఊరి నుంచి పెద్దమనుషులు వచ్చారు, కొత్త రాజధాని అందం చూపిస్తానని ఆయన తెర తొలగించాడు. చూశారు. బడే బాబుకి పిలుపొచ్చింది. తలుపు ఓరగా ఉండబట్టి అంతా వినపడింది.

“ఏమిటయ్యా ఆ ప్రదర్శన?”

“ఏం చెయ్యమంటారు సర్? ఇంతమందికి ఒక్కటే బాత్రూమ్. అది కూడా ఇవాళ బంద్. మర్ద్ బేచారే కహాఁ జాయేఁ? పాపం, మగాళ్ళు ఎక్కడికి పోతారు?”

“ఇంకోటి లేదా?”

“ఉంది సర్. లేడీస్‌ది. ఎప్పుడూ తాళం వేసే ఉంటుంది. వాడకం లేదు.”

పెద్దసారు దయగల మనిషి, మగవాళ్ళ కష్టం చూడలేకపోయాడు. నా తాళాన్ని ఇటుకతో పగలగొట్టారు. మా తాళాన్ని మాత్రం మర్యాదగా చెవితోనే తీశారు, ఇక వెయ్యలేదు. వారం లోపల పెయింటర్ వచ్చి మా తలుపు మీద జడ వేసుకున్న బొమ్మకి మీసాలు పెట్టి వెళ్ళాడు. వాళ్ళకి రెండయ్యాయి, రెంటికీ తాళాల్లేవు. మాకు రోడ్డవతలి భవనంలో ఏర్పాటు చేశారు. “సామ్‌నే హీ తో హై బేటీ,” అన్నాడు బడే బాబు. ఎదురుగానే. కుక్క సంసారం పెట్టుకున్న ఆ రోడ్డుకి అవతల, నెత్తి మాడే ఎండలో.

తాళం ఎవరు వేశారని ఒక్కరూ అడగలేదు. అడిగేంత ఇబ్బంది ఎవరికీ కలగలేదు.

ఒకటో తారీకున అక్క జీతం తీసుకుంది. హాజరీలో చివరిసారి పేరు పిలిస్తే, అవసరమైనదానికంటే గట్టిగా పలికింది. వెళ్తూ వెళ్తూ ఆ రెండో కాలు నా సంచిలో దూర్చి, “మనం గదికి తాళమేశామే పిల్లా. ఊరికి వెయ్యలేకపోయాం. ఊరంతా వాళ్ళదే కదేటే,” అని నవ్వింది. నవ్వుతూ నడుము పట్టుకుంది.

ఇప్పుడు నయా రాయపూర్‌లో మనుషులు కూడా ఉంటున్నారని విన్నాను. నేను రాయపూర్‌లోనే దేవేంద్ర నగర్‌లో కాపురముంటున్నాను, జుట్టుకి రంగు వేస్తున్నాను, పెళ్ళికి పిలిస్తే పెళ్ళికూతురి కంటే ముందు బాత్రూమ్ ఎక్కడుందో చూసి వస్తున్నాను. మా అమ్మ చెట్టు నుంచి తెచ్చిన కరివేపాకు పిలక మా వరండా కుండీలో ఉంది. అది ఒక పక్కకి ఒరిగిపోతుంటే ఊతంగా కుర్చీ కాలొకటి పాతాను. ఎర్ర నాడా వెలిసి గులాబీ రంగుకి వచ్చింది.

ఆరో తరగతి చదివే మా అమ్మాయి నిన్న సాయంత్రం బడి నుంచి వచ్చి, బూట్లు కూడా విప్పకుండా బాత్రూమ్‌లోకి పరుగెత్తింది. సంచి తీసి పక్కన పెడుతుంటే బరువుగా తగిలింది. సీసా ఊపి చూశాను. చప్పుడు లేదు, అంత నిండుగా ఉంది. కోట తలుపుకి సరిపడే తాళం కొని లోకాన్ని బాగుచేద్దామనుకున్న ఆ పిల్ల గుర్తొచ్చి నవ్వొచ్చింది. మూత తీసి, నీళ్ళన్నీ కరివేపాకు మొదట్లో పోశాను. బాగా ఎదుగుతోంది.