చూసి రమ్మంటే మార్చి వచ్చాను

పోయిన నెలలో మా గైడ్ మేడం కన్నుమూశారు. తార్నాకలో వాళ్లింట్లోనే, పొద్దున కాఫీ తాగి పేపరు చేతిలో పట్టుకుని అలాగే ఒరిగిపోయారట. వాళ్లబ్బాయి ఫోన్ చేసేసరికి నేను ఒక నూనె కంపెనీ వాళ్లకు ప్యాకెట్ డిజైన్ చూపిస్తున్నాను. "అక్కా, అమ్మ వెళ్లిపోయింది" అన్నాడు. ఎదురుగా ఉన్నవాళ్లు పసుపు ఇంకాస్త ముదురుగా ఉండాలా వద్దా అని వాదించుకుంటున్నారు. "మీ ఇష్టం" అని లేచి వచ్చేశాను. ఈ ఉద్యోగంలో నేను ఎవరితోనూ అనని మాట అది.

గైడ్ అంటే దగ్గరుండి పీహెచ్‌డీ చేయించేవారు. మా మేడం నా చేత పీహెచ్‌డీ మాన్పించారు. నాకు ఇంత మంచి చేసినవాళ్లు ఇంకొకరు లేరు. వింతగా ఉందా? వినండి మరి.

మాది తెలంగాణ పల్లె. యూనివర్సిటీలో సోషియాలజీ పీహెచ్‌డీ సీటు వచ్చిన రోజు నుంచి మా బాపు "మా బిడ్డ డాక్టరైతున్నది" అని ఊరంతా చెప్పుకుని తిరిగాడు. ఎవరికైనా జ్వరమొస్తే ఏ గోళీ వేయాలో నన్నే అడిగించేవాడు కూడా. నేను అడిక్‌మెట్‌లో గది తీసుకుని, వారాసిగూడలో ఇంటి ముందే చిన్న వ్యాపారాలు చేసుకునే ఆడవాళ్ల మీద పరిశోధన మొదలుపెట్టాను. వెళ్లాలి, అడగాలి, రాసుకుని రావాలి. అంతే పని. నాకు చేతులు ఊరుకుంటేగా! ఇడ్లీపిండి అమ్మే ఒకావిడ గోడ మీద బొగ్గుతో ఏదో గీకి ఉంటే చూడలేక, రంగులు కొనుక్కెళ్లి బోర్డు రాసిచ్చాను. అది చూసి జాకెట్లు కుట్టే ఆవిడ అడిగింది. ఆ తర్వాత పూలావిడ.

ఒకరోజు మేడం, "పదమ్మా, నీ ఫీల్డ్ చూద్దాం" అని బయలుదేరారు. దారిపొడవునా తన కోస్తా యాస హిందీతో ఆటో అతన్ని నవ్వించి, తనూ నవ్వారు. నేను మాత్రం బోర్డుల సంగతి ఆవిడకు ఇంకా చెప్పనేలేదు. అక్కడికి వెళ్లగానే పిండి అమ్మే ఆవిడ ఎదురొచ్చింది.

"మీ పిల్ల బోర్డు రాసినకాన్నుంచి పక్క సందుల నుంచి గూడ వస్తున్నరు మేడం. పొద్దుగాలనే పిండి ఒడుస్తున్నది. ఇంకోటి రాయమని చెప్పుండ్రి జర" అంది.

నా పని అయిపోయిందనుకున్నాను. మేడం సందు మధ్యలో నిలబడి పగలబడి నవ్వారు. "చూసి రమ్మంటే మార్చి వచ్చావేంటే పిల్లా! ఇప్పుడు థీసిస్‌లో ఏం రాస్తాం? నువ్వు రాకముందు ఒక చాప్టరు, వచ్చాక ఒక చాప్టరునా?"

మర్నాడు క్యాంపస్‌లో తన గదికి పిలిచి, ఉప్పూ కారం చల్లిన జామకాయ ముక్క చేతిలో పెట్టారు. తిట్టబోయే ముందు తినడానికి పెట్టడం ఆవిడ అలవాటు. ఆ రోజు మాత్రం తిట్టలేదు. "నీకు పీహెచ్‌డీ వస్తుందమ్మా, తెప్పించే పూచీ నాది. కానీ ఆ బోర్డుల గురించి చెప్పేటప్పుడు ఉన్న మొహం చాప్టర్ల గురించి చెప్పేటప్పుడు ఉండట్లేదు. డిజైన్ నేర్చుకో" అన్నారు.

"మరి బాపుకేం చెప్పాలె మేడం?"

"ఫోన్ కలుపు. నేను చెప్తాను."

బాపు అంతా విన్నాడు. చివరికి, "సరే గని మేడం, గా బొమ్మల పనిల బువ్వ దొరుకుతదా?" అన్నాడు.

"దొరికేదాకా మా ఇంట్లో తింటుందండీ" అన్నారు మేడం.

అన్నట్టే చేశారు. తార్నాక ఇంట్లో మేడ మీద గది ఇచ్చారు, వాళ్లబ్బాయి పాత కంప్యూటర్ ఇచ్చారు. నేను డిజైన్ కోర్సు చేస్తూ గీసిన ప్రతి బొమ్మా ముందు ఆవిడ భోజనాల బల్ల మీదికి వెళ్లాల్సిందే. "ఎవరికి చెప్తున్నావు?" అన్నదే మొదటి ప్రశ్న. అందరికీ అన్నానో, కాగితం వెనక్కి వచ్చేది. "అందరికీ అంటే ఎవరికీ కాదు. వెళ్లి ఒక మనిషి దగ్గర కూర్చో, మాట్లాడు, అప్పుడు గియ్యి" అనేవారు. రంగుల విషయంలో మాత్రం ఆవిడ మాట వినకూడదు. నారింజ చీర మీదికి గులాబీ జాకెట్టు వేసుకుని క్లాసుకు వచ్చిన మనిషి! ఇప్పటికీ ఏ పని ఒప్పుకున్నా ముందు ఆ వస్తువు కొనేవాళ్ల ఇంటికి వెళ్లి కూర్చుంటాను. ఆఫీసులో దాన్ని మార్కెట్ రీసెర్చ్ అంటారు. సోమవారం పొద్దున పనికి సంతోషంగా వెళ్లేవాళ్లు ఎంతమంది ఉంటారో తెలియదు గానీ, నేను వెళ్తాను. అది ఆవిడ పెట్టిన భిక్ష.

ఒక్కటే లోటు. బాపు ఆ ఫోన్ తర్వాత నా పని గురించి మళ్లీ ఎన్నడూ అడగలేదు. ఊళ్లో ఎవరైనా అడిగితే "కంప్యూటర్ నౌకరి" అని మాట మార్చేవాడు. డాక్టర్ అనిపించుకోలేకపోయానని మనసులో పెట్టుకున్నాడనుకుని నేనూ కదిలించలేదు. ఏళ్లు గడిచినా అది ముల్లులా గుచ్చుతూనే ఉండేది.

పెద్దకర్మకు ముందు వాళ్లబ్బాయి, "అక్కా, ఇంటి ముందు ఫ్లెక్స్ నువ్వే చెయ్యాలి" అన్నాడు. చుట్టాలు డిగ్రీలు, పదవులు అన్నీ వేయమన్నారు. రోజూ చేసే పనే అయినా ఆ రోజు ఏడుస్తూనే చేశాను. నవ్వుతున్న ఫొటో, పేరు, కింద 'మా టీచర్' అన్న మాట. అంతే పెట్టాను. వాళ్లబ్బాయి చూసి, చాలన్నాడు.

కర్మ రోజు పొద్దున్నే గేటు దగ్గర బాపు కనిపించాడు. చెప్పకుండా మొదటి బస్సుకు వచ్చాడు. "ఫోన్లనే మాట్లాడిన. మనిషిని సూడకపోతి" అన్నాడు. ఫ్లెక్స్ ముందు ఆగి చాలాసేపు చూశాడు.

"గిది ఎవరు చేసిన్రు?"

"నేనే బాపు."

"గిదేనా నీ పని?"

"గిదే."

మళ్లీ ఫొటో వైపు తిరిగాడు. "మేడమే ఎదురుంగ నిలవడ్డట్టున్నది. గిసొంటి పని చేస్తవని ఒక్కనాడన్న చెప్పకపోతివి బిడ్డా" అన్నాడు.

అంతలో గాలికి ఫ్లెక్స్ కింది మూల ఊడి కొట్టుకోసాగింది. "ఉరుకు, తాడు పట్కరా" అన్నాడు బాపు. నేను లోపల వెతికి తాడు తెచ్చేసరికి, ఆ మూలను రెండు చేతులా పట్టుకుని, మేడం ముఖం ముడత పడకుండా సాగదీసి నిలబడి ఉన్నాడు.