మిరియాల చారు పందెం

గోపాలపట్నంలో పైడమ్మత్త హోటల్‌కి చిన్నప్పుడు ప్రతి ఆదివారం వెళ్లేవాళ్లం. పంది పక్కటెముకలు వేసి కాచిన మిరియాల చారు మరెక్కడా అంత ఘాటుగా ఉండేది కాదు. నాకూ అన్నయ్యకూ పందెం ఉండేది. తాగుతుంటే ముందు ఎవరికి చెమట పడితే వాళ్లు ఓడినట్టు.

నిరుడు వేసవిలో అన్నయ్యే మళ్లీ అక్కడికి వెళ్దామన్నాడు. దారిలో ఒకచోట బండి ఆపి ఎడమ భుజం నొక్కుకున్నాడు. ఏమైందంటే నిద్ర చాల్లేదన్నాడు.

పైడమ్మత్త ముసలిదైపోయింది. అయినా మమ్మల్ని గుర్తుపట్టి, పొగలు కక్కే గిన్నెలు తెచ్చిపెట్టింది. నేను నాలుగు గుక్కలు తాగి తలెత్తేసరికి అన్నయ్య చొక్కా తడిసిపోయి ఉంది.

"ఓడిపోనావు అన్నియ్యా!" అన్నాను.

"ఏటి బాబూ, అప్పుడే సెమట్లా? నా మిరియాల దెబ్బంటే ఏటనుకున్నావు!" అంది పైడమ్మత్త. పక్క బల్లవాళ్లూ నవ్వారు. అన్నయ్య నవ్వబోయి ఆగిపోయాడు.

"ఫ్యానెయ్యమనరా," అన్నాడు మెల్లగా.

ఫ్యాను మా నెత్తి మీదే తిరుగుతోంది. అప్పుడు అతని గిన్నె చూశాను. చారు అంచుదాకా ఉంది. చెంచా పొడిగా ఉంది.

ఆటోలో నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. ఆసుపత్రి చేరేలోపే ఆ పట్టు వదిలిపోయింది. గుండెపోటు అన్నారు.

మేమెవరమూ తప్పుగా నవ్వలేదు. ఆ హోటల్లో చెమటంటే అందరికీ ఒకటే అర్థం. ఇప్పుడు మాత్రం భోజనాల దగ్గర ఎవరికి చెమట పట్టినా, ముందు వాళ్ల కంచంలోకి చూస్తాను.